పలకల సందులో మిగిలిన మాట

ఎంత పనితనం ఉన్న వడ్రంగి కట్టినా, కొయ్య పడవలో పలకకీ పలకకీ నడుమ వెంట్రుకవాసి సందు మిగులుతుంది. సముద్రానికి ఆ సందు చాలు. అందుకే వడ్రంగి పని ముగిశాక ఇంకో పని మొదలవుతుంది. నూలుపోగుల్ని పేనికట్టి, మొద్దు ఉలితో సందులోకి దిగేసి, కొయ్యసుత్తితో కుక్కుకుంటూ పోవాలి. దెబ్బ తేలికైతే పోగు ఊడివస్తుంది, బరువైతే పలకలే ఎడమవుతాయి. దెబ్బ సరిగ్గా పడిందో లేదో చెవికే ముందు తెలుస్తుంది. పైన నూనెలో మరిగించిన గుగ్గిలం పూస్తే, పడవ నీళ్లలో దిగాక కొయ్యా, నూలూ రెండూ ఉబ్బి బిగుసుకుంటాయి.

ఈ పని చేసేవాణ్ని మన దేశపు రేవుల్లో కలాపత్తి అనేవారు. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ మాట హిందుస్తానీ, బెంగాలీల్లో ఉందని చెప్పి, పోర్చుగీసు ‘కలఫాతె’ నుంచి వచ్చిందని, దాని వెనక అరబీ మాట ఉందని రాసింది. మధ్యధరా తీరమంతటా దీని చుట్టాలే. 1041లో బైజాంటియం గద్దెనెక్కిన అయిదో మైకేల్‌ చక్రవర్తిని జనం ‘కలఫాతెస్’ అనే పిలిచారు. తండ్రి ఓడల సందులు పూడ్చేవాడు మరి! కొడుకు చక్రవర్తి అయినా తండ్రి పని పేరులోంచి పోలేదు. సింహాసనం మాత్రం నాలుగు నెలలకే పోయింది. ఇదే పనికి ఇంగ్లీషులో వాడే ‘కాల్కింగ్’ది వేరే దారి. లాటిన్‌లో మడమతో తొక్కడమని అర్థమిచ్చే క్రియ దానికి మూలం.

ఈ పనికి మన గోదావరి తీరంలో పెద్ద చిరునామా కోరంగి. 1802లో ఎబనీజర్ రోబక్ అనే ఆయన అక్కడ కట్టించిన డాక్‌లో ఇంగ్లీషు నౌకాదళపు ఓడలకూ మరమ్మతులు జరిగాయి. కలకత్తాకీ ట్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడల్ని గట్టుకెక్కించి బాగుచేసే చోటు అదొక్కటేనని నాటి రాతలు. మరమ్మతంటే ముందు పాత పోగు పీకి కొత్తది కూరడమే. 1789 తుపాను ఒకసారి, 1839 నవంబరు ఉప్పెన మరోసారి ఆ ఊరిని తుడిచిపెట్టాయి. మిగిలిన రేవుని ఏటి మేట పూడ్చేసింది. రంగూన్‌లో తెలుగు కూలీలను ‘కోరంగీలు’ అనడంలో ఆ రేవు పేరు సముద్రం దాటి చాలాకాలం నిలిచింది. ఇప్పుడు కోరంగి అంటే మడ అడవులు, బోటు షికారు.

పడవల కట్టుబడి మాత్రం పక్కనున్న తాళ్లరేవులో బతికింది. తరతరాల వడ్రంగులు అక్కడ పెద్దపెద్ద కొయ్య పడవలు కట్టారు. ఇవాళ తీరమంతా ఫైబర్ పడవలొచ్చాయి. అవి తేలిక, ఖర్చు తక్కువ, వేటగాడికి మేలు. నేను వాటిని తప్పుపట్టను. అచ్చులో పోసిన పడవకి సందే ఉండదు, కుక్కేవాడి అవసరమూ ఉండదు. చేతిపని పోతుంటే దాని మాటలూ వెంట పోతున్నాయి. అది మాత్రం నాకు మింగుడుపడదు. మన వృత్తిపదకోశాల్లో నేతకీ కమ్మరానికీ చోటు దొరికింది, ఈ పనికీ దొరకాలి. సందు రకానికో పేరు, ఉలికో పేరు, పోగు మందానికో పేరు చెప్పగల పెద్దలు తాళ్లరేవులో ఉండగానే ఓ విశ్వవిద్యాలయం రికార్డరు పట్టుకుని అక్కడికి వెళ్లాలి. ఈ ఎండాకాలమే వెళ్లాలి.