చూడకుండానే ‘మస్ట్’ అనడం ఎలా?

గుమ్మం ముందు రవి చెప్పులున్నాయి, లోపల ఫ్యాను తిరుగుతోంది. రవి మాత్రం కనబడలేదు. అయినా ఇంగ్లీషులో ‘హి మస్ట్ బి ఎట్ హోమ్’ అనేయొచ్చు. ఎందుకు? ఆధారాలన్నీ అటే చూపిస్తున్నాయి కాబట్టి. కళ్లారా చూస్తే ‘హి ఈజ్ ఎట్ హోమ్’ చాలు. తమాషా ఏమిటంటే, వినడానికి గట్టిగా ఉన్నా నమ్మకంలో ‘మస్ట్’ది ‘ఈజ్’ కన్నా ఒక మెట్టు కిందే!

ఒక్క చెప్పులే ఉంటే? వేరేవి తొడుక్కుని వెళ్లాడేమో. అప్పుడు ‘మైట్ బి’. తలుపుకు బయట తాళం వేసుంటే ‘కాంట్ బి’. ఇక్కడే చాలామంది ‘మస్ట్‌నాట్’ అనేస్తారు. అది మామూలుగా ‘ఉండకూడదు’ అని ఆపడానికి వాడేది.

జరిగిపోయినదాన్ని ఊహిస్తే ‘హ్యావ్’ చేరుతుంది. వాకిలి తడిసింది: ‘ఇట్ మస్ట్ హ్యావ్ రెయిన్డ్’. అమ్మ కళ్లాపి చల్లే వేళైతే మాత్రం ‘మైట్ హ్యావ్’కి దిగాల్సిందే.