రంగు కళ్ళ ముచ్చట

వార్షికోత్సవం దగ్గరపడుతున్న కొద్దీ హాస్టలు గదుల్లో అద్దం ముందు రద్దీ పెరుగుతుంది. అద్దె నగలు, విగ్గులు, జరీ పంచెల సరసన ఇప్పుడు రంగుల కాంటాక్టు లెన్సులు కూడా చేరాయి. "నాకు చూపు బాగానే ఉందిగా! రంగు కోసం పెట్టుకొనే లెన్సుకు మళ్ళీ కంటి పరీక్ష దేనికి?" అని అడిగేవాళ్ళు చాలామంది.

దేనికో తెలియాలంటే లెన్సు ఎక్కడ కూర్చుంటుందో చూడాలి. నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా అమరి ఉండే పారదర్శకమైన పొర కార్నియా. నడిమి భాగంలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు లేవు. ఉంటే వెలుతురు లోపలికి సరిగా పోదు. రక్తం అందదు గనుక, తనకు కావలసిన ప్రాణవాయువును అది చాలావరకు కన్నీటి పొర ద్వారా బయటి గాలి నుంచే తీసుకొంటుంది. లెన్సు పెట్టుకోవడమంటే ఆ కిటికీకి తెర కట్టడమన్నమాట. తెర సరిగ్గా అమరితే ఫరవాలేదు. బిగిసిందా, కార్నియా ఉబ్బుతుంది. వదులైందా, రెప్ప వేసినప్పుడల్లా జారి రాచుకొంటుంది. పవరు సున్నా అయినా ఇందులో మార్పేమీ లేదు. అమెరికావారు 2005లో చట్టం చేసి, కేవలం అలంకారానికి వాడే లెన్సును కూడా వైద్య పరికరంగానే లెక్కగట్టింది ఇందుకే.

కార్నియా వంపు మనిషికీ మనిషికీ తేడా. డబ్బా మీద 8.6 అనీ 14.2 అనీ కనిపించే అంకెల్లో మొదటిది లెన్సు వంపు వ్యాసార్ధం, రెండవది దాని వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. మీ కంటికి ఏ అంకెలు నప్పుతాయో కొలిచి, లెన్సు పెట్టి చూసి చెప్పవలసింది కంటి డాక్టరు గాని, ఆప్టోమెట్రిస్టు గాని. కళ్ళజోడు చీటీ దీనికి చాలదు. కళ్ళు పొడిబారేవాళ్ళకూ, తరచు దురదపెట్టేవాళ్ళకూ అసలు వద్దనే చెప్పవచ్చు. చెబితే వినాలి.

ఇక రంగు సంగతి. పలచని రంగు లెన్సులు తేలిక రంగు కళ్ళను కాస్త గాఢం చేస్తాయంతే; మన నల్లకళ్ళ మీద వాటి జాడే కనిపించదు. మనకు పనిచేసేవి చుక్కలు చుక్కలుగా రంగు అద్ది, కనుపాప ఎదుట మాత్రం ఖాళీ వదిలిన లెన్సులు. తేనెరంగు, లేత గోధుమరంగు మన ముఖాలకు సహజంగా ఉంటాయి. నీలం, బూడిదరంగు అతికించినట్టుంటాయని నా అభిప్రాయం. (స్టేజి మీది కళ్ళ రంగు మూడో వరుస దాటితే ఎవరికీ కనిపించదు, అది వేరే మాట!) చీకట్లో కనుపాప విప్పారి ఆ ఖాళీని మించిపోతుంది. అప్పుడు రంగుచుక్కలు చూపుకు అడ్డం వచ్చి మసకబారుతుంది. కాబట్టి రాత్రిపూట రంగు లెన్సులతో స్కూటరు నడపరాదు.

మెత్తని లెన్సుకు ఆద్యుడు చెక్ శాస్త్రజ్ఞుడు ఒట్టో విఖ్టర్లె. 1961 క్రిస్మస్ రోజుల్లో పిల్లల ఆటసామానుతో, సైకిలు డైనమోతో ఇంట్లోనే ఒక యంత్రం కట్టి, నీరు పీల్చే ప్లాస్టిక్‌తో లెన్సులు తీశాడు. ఆ పీల్చే గుణం వల్లే లెన్సు మెత్తగా ఉంటుంది. చిక్కు కూడా అక్కడే ఉంది. నీటితోపాటు నీటిలో ఉన్నదీ లెన్సుకు పడుతుంది. కుళాయి నీళ్ళలో, బావినీళ్ళలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది కార్నియాలో పుండు చేస్తే వైద్యం నెలల తరబడి సాగుతుంది. అందుచేత లెన్సును నీళ్ళతో కడగరాదు, ఉమ్మితో తడపడం అసలే కూడదు. సబ్బుతో చేతులు కడిగి, పొడిగా తుడుచుకొని, అరచేతిలో తాజా ద్రావణం పోసి మెల్లగా రుద్దాలి. డబ్బాలో నిన్నటి ద్రావణం పారబోయకుండా పైన మరికాస్త పోయడం మనవాళ్ళ పొదుపు. క్రిములకు అదే విందు. డబ్బానే మూడు నెలలకొకసారి మార్చాలి. మిరపకాయలు తరిగిన చేతుల సంగతి వేరే చెప్పాలా? లెన్సు పెట్టుకొన్న తర్వాతే కాటుక. రాత్రి ముందు లెన్సు తీసి, ఆ తర్వాత కాటుక తుడవాలి. లెన్సుతో నిద్రపోతే ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది. కెమిస్ట్రీ లాబులో లెన్సుంది గదా అని రక్షణ కళ్ళద్దాలు మానరాదు.

ఒక్క నాటకానికో, ఒక్క పెళ్ళికో అయితే ఒకరోజు వాడి పారేసే రకమే మేలు. ద్రావణం బెడద లేదు, డబ్బా బెడద లేదు. కానీ స్నేహితురాలు తీసింది మీరు పెట్టుకోవడం మాత్రం వద్దు. చీర మార్చుకోవచ్చు గాని లెన్సు మార్చుకొంటే ఆమె కంటిలోని క్రిములూ వెంట వస్తాయి.

కన్ను ఎర్రబడగానే "కలకలే" అనుకోవడం మన అలవాటు. లెన్సు వాడేవారికి ఎరుపుతోపాటు నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, మసక కనిపిస్తే అది కార్నియా పుండు కావచ్చు. పుండు మానినా మచ్చ మిగులుతుంది. కంట్లో పువ్వు వేసిందని ఊళ్ళలో అనేది దానినే. నడిమధ్య పడితే చూపు పోతుంది, ఆపైన మరొకరు దానం చేసిన కార్నియా కోసం ఎదురుచూడాలి. మందుల షాపులో అడిగి చుక్కలు వేసుకోవద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, బూజు జాతి క్రిమి పట్టిన పుండు ఇంకా చెలరేగుతుంది. లెన్సు వెంటనే తీసి, అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్ళండి. తీసిన లెన్సునూ, డబ్బానూ పారేయకుండా వెంట పట్టుకెళ్ళండి. వాటిని పరీక్షిస్తే ఏ క్రిమి పట్టిందో తెలిసే అవకాశం ఉంది, మందు దాన్నిబట్టే ఇస్తారు.