ఐరాల మస్టరు నుంచి మొంబాసా దాకా

ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనికి 2025-26లో నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. చిత్తూరు జిల్లా ఐరాల మండలంలో ఒక ఊరిని ఊహించుకోండి. పనికి రాని పదిమంది పేర్లు ఆరు రోజులపాటు మస్టరులో, అంటే హాజరు పట్టీలో, ఎక్కాయనుకుందాం. పోయే సొమ్ము 18,420 రూపాయలు. ఒక మనిషి 60 రోజులు ఎండలో మట్టి తవ్వితే వచ్చే కూలి అది.

ఆఫీసులో కూర్చుని కాగితాలు తిరగేస్తే ఇది దొరుకుతుందా? సాధారణంగా దొరకదు. మస్టరులో పేర్లుంటాయి, ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, కొలతలుంటాయి, రెండూ అతికినట్టు సరిపోతాయి. మామిడి మొక్కకు తీసిన గుంత మీటరు లోతుందో లేదో తెలియాలంటే ఆ చేనికి పోయి టేపు పెట్టాల్సిందే. పేరున్న మనిషి ఇంటికి పోయి అడగాల్సిందే. ‘ఏమ్మా, ఆ వారం పనికి పోయినావా?’ అంటే, ‘లేదు నాయనా, అప్పుడు పుట్టింట్లో ఉంటిని’ అన్న ఒక్క మాటతో పట్టీ బండారం బయటపడుతుంది. దీన్నే సామాజిక తనిఖీ అంటున్నాం.

ఈ పద్ధతి మనకు రాజస్థాన్ నుంచి వచ్చింది. అక్కడ 1990లో పుట్టిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊళ్ళో పనుల లెక్కలను జనం ముందు చదివించింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అప్పటి మన పొరుగు జిల్లా అనంతపురంలోని బండ్లపల్లిలో మొదలైంది. తొలి విడత 200 జిల్లాల్లో చిత్తూరు కూడా ఉంది. ఆ ఏడే ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ రాజస్థాన్ వాళ్ళ సాయంతో సామాజిక తనిఖీ మొదలుపెట్టింది. 2009లో దానికోసం ప్రత్యేక సొసైటీనే ఏర్పాటు చేసింది.

సర్కారు పనిని సర్కారు పెట్టిన మనుషులే తనిఖీ చేస్తే నమ్మేదెట్లా? మంచి ప్రశ్నే. ప్రపంచంలో ఏ అంతర్గత తనిఖీకైనా, అంటే సంస్థ తన లెక్కలు తానే చూసుకునే ఏర్పాటుకైనా, ఈ ప్రశ్న తప్పదు. మన దగ్గర దొరికిన జవాబు ఇది. పని చేయించేవాళ్ళు వేరు, తనిఖీ చేసేవాళ్ళు వేరు. ఊళ్ళో తిరిగే తనిఖీదారులను కూలి కుటుంబాల నుంచే తీసుకుంటారు, కానీ సొంత ఊరికి పంపరు. తేలింది మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదువుతారు. నా దృష్టిలో ఈ చివరిదే అసలు బలం.

ఖర్చెంత? పథకం ఖర్చులో 0.5 శాతం వరకు దీనికి వాడుకోవచ్చు. వంద రూపాయల పనికి అర్ధరూపాయి.

ఇక విదేశాల సంగతి. 2007లో కెన్యాలోని మొంబాసాలో ముహూరి అనే మానవ హక్కుల సంస్థ నియోజకవర్గ అభివృద్ధి నిధుల లెక్కలు చూడాలనుకుంది. పద్ధతి నేర్పడానికి రాజస్థాన్ సంఘటన్‌లో పనిచేసిన సౌమ్య కిడాంబి వెళ్ళారు. ఆ తర్వాత మన రాష్ట్ర తనిఖీ సొసైటీకి ఆమే డైరెక్టరయ్యారు. 2013లో దక్షిణాఫ్రికాలో, కేప్‌టౌన్ శివారు ఖయెలిత్షాలో, జనం ఇదే దారిలో తమ పేటల మరుగుదొడ్లు లెక్కపెట్టారు. బిల్లు చెల్లించింది 346 తాత్కాలిక మరుగుదొడ్లకు. కళ్ళకు కనిపించినవి 256. తొంభై లేవు, అంటే నాలుగింట ఒకటికి పైగా గల్లంతు. ఆ లెక్క తేల్చడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేకపోయింది. బిల్లు కాగితం పట్టుకుని వీధి వీధీ నడిస్తే చాలింది.

మరి బయటి ప్రపంచం నుంచి మనం నేర్చుకోవలసింది లేదా? ఉంది, అదే ముఖ్యం. తేలిన సొమ్ములో వెనక్కి రాబట్టింది తక్కువన్నది మన తనిఖీల మీద ఏళ్ళుగా ఉన్న ఫిర్యాదు. 1941లో అమెరికాలో పుట్టిన అంతర్గత తనిఖీదారుల సంస్థ తెచ్చిన కొత్త ప్రపంచ ప్రమాణాలు 2025 జనవరి 9 నుంచి అమల్లోకి వచ్చాయి. లోపం రాసి చేతులు దులుపుకుంటే సరిపోదని, దాన్ని సరిదిద్దారో లేదో కూడా తనిఖీదారే చూడాలని అవి చెబుతాయి. మన సామాజిక తనిఖీకి కాగ్‌తో, అంటే దేశపు అత్యున్నత లెక్కల తనిఖీ సంస్థతో, సంప్రదించి 2011లో నిబంధనలు, 2016లో ప్రమాణాలు వచ్చాయి. కాగితం మీద లోటు పెద్దగా లేదు. రాబట్టేదాకా వెంటపడడంలోనే ఉంది.

అందులో ఊరి వంతు కూడా ఉంది. తనిఖీ బృందం మీ వీధికి వచ్చినప్పుడు జాబ్‌కార్డు, బ్యాంకు పాసుపుస్తకం తీసి పెట్టండి. మీ పేరు మీద ఎన్ని రోజుల పని రాసుందో చదివించుకుని, పాసుపుస్తకంలో పడిన కూలితో సరిచూడండి. తేడా ఉంటే ప్రజావేదికకు వెళ్ళి చెప్పండి. పోయినసారి తేలిన సొమ్ము ఎంత, అందులో ఎంత వెనక్కి వచ్చింది అని కూడా అక్కడే అడగండి.