17 కాస్తా 71 అయితే?

వరి కోతలయ్యాక స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ధాన్యం కొనుగోలు కేంద్రాలు తెరుస్తారు. రైతు పేరు, బస్తాలు, తేమ శాతం... ఈ లెక్కలకు కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ రాయాలంటే ముందు కావలసింది గళ్ల పట్టిక, అంటే గ్రిడ్.

వెయ్యిమంది రైతులు, ఐదు నిలువు వరసలు ఉంటే ఐదు వేల గళ్లు. ప్రతి గడిలోనూ టైపు చేసే పెట్టె ఉంటుందా? అక్కర్లేదు! తెరమీద కనిపించే గళ్లలో అక్షరాలను బొమ్మలా గీస్తారంతే. గడిమీద రెండుసార్లు నొక్కగానే ఒక్క పెట్టె సరిగ్గా అక్కడికొచ్చి వాలుతుంది. ఎంటర్ కొడితే కొత్త అంకె నిలుస్తుంది, ఎస్కేప్ కొడితే పాతదే మిగులుతుంది. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో, 1998లో విడుదలైన 1.2 వెర్షన్‌లోని జేటేబుల్ అనే గ్రిడ్ ఇలాగే పనిచేస్తుంది. ఎంత పొదుపైన ఆలోచన!

మరి 17 కొట్టబోయి 71 కొడితే? ధాన్యంలో తేమ 17 శాతం మించకూడదని నిబంధన. వెంటనే ఒక డైలాగ్ విండో తెరిచి హెచ్చరించవచ్చు. దానికి జవాబిచ్చేదాకా వెనకున్న పట్టికను ముట్టుకోనివ్వదు. దీన్నే మోడల్ డైలాగ్ అంటారు. కానీ ప్రతి చిన్న తప్పుకూ అది అడ్డొస్తే వరసలో నిలబడ్డ రైతుకే ఆలస్యం. గడిని ఎర్రగా చూపితే చాలు.

"ఈ రైతు లెక్క తీసేయాలా?" లాంటి ప్రశ్నకు మాత్రం విండో తప్పనిసరి. అక్కడ పొరపాటున ఎంటర్ తగిలినా 'వద్దు' బటనే పడేలా ప్రోగ్రామ్ రాయాలి.