పొగ తూము మొరాయిస్తే బండి లాగదు

తెల్లవారుజామున టమాటా ట్రేలు నింపుకుని మదనపల్లె మార్కెట్టుకు బయలుదేరారు అనుకుందాం. చదును రోడ్డు మీద బాగానే వచ్చిన బండి ఎత్తు ఎక్కేసరికి బలం పోయినట్టు ఈడుస్తుంది. ఎంత తొక్కినా లాగదు. వెనక నల్లటి పొగ. మీటర్ల దగ్గర పసుపుపచ్చ ఇంజిను బొమ్మ వెలుగుతుంది. వేలం వేళ దాటితే సరుకు ధర ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. మెకానిక్కు బానెట్ ఎత్తి చూసి, "ఈజీఆర్ పోయింది. కొత్తది వేయాలి. లేదంటే రేకుముక్క పెట్టి మూసేద్దాం, బండి గుర్రంలా పోతుంది" అంటాడు.

కొత్తది అంటే వేలల్లో మాట. రేకుముక్క అంటే ఖర్చే లేదు. ఏది ఒప్పుకోవాలి? నిజానికి చాలాసార్లు ఈ రెండూ అక్కర్లేదు. ఆ వాల్వు ఏమిటో, ఏం పని చేస్తుందో తెలిస్తే మీరే ధైర్యంగా నిర్ణయం తీసుకోవచ్చు.

నివురు చేసే పనే

ఈజీఆర్ వాల్వు అంటే ఇంజిను వదిలిన పొగలో కొంత భాగాన్ని మళ్ళీ ఇంజినులోకే పంపే తూము. చెరువు తూముకు షట్టరు ఉన్నట్టే దీనికీ ఒక మూత ఉంటుంది. అవసరాన్ని బట్టి అది తెరుచుకుంటుంది, మూసుకుంటుంది.

కాలిపోయిన పొగను మళ్ళీ లోపలికి పంపడం ఎందుకని మీకు అనుమానం రావచ్చు. మనం పీల్చే గాలిలో సుమారు 78 శాతం నత్రజని, 21 శాతం ప్రాణవాయువు. మామూలుగా ఈ రెండూ ఒకదాని జోలికి ఒకటి పోవు. కానీ డీజిలు మండేటప్పుడు సిలిండరులో వేడి బాగా పెరిగిపోతే రెండూ కలిసి నత్రజని ఆక్సైడ్లు అనే విషవాయువులు అవుతాయి. నిప్పుల మీద నివురు కప్పితే మంట తగ్గుతుంది కదా! ఒకసారి కాలిన పొగ కూడా అలాగే నివురులా పనిచేస్తుంది. సిలిండరులో ప్రాణవాయువు పాలు తగ్గుతుంది, మంట వేడి తగ్గుతుంది, విషవాయువులు తక్కువ పుడతాయి.

యూరియాలోని నత్రజని పైరుకు బలం. పొగలోని నత్రజని ఆక్సైడ్లు మాత్రం ఊపిరితిత్తులకు చేటు. అంతేకాదు, ఇవి ఎండలో ఇతర ఆవిర్లతో కలిసి నేలకు దగ్గరలో ఓజోన్ వాయువుగా మారతాయి. అది ఆకులను దెబ్బతీసి పంట దిగుబడిని కూడా తగ్గిస్తుంది. కాబట్టి ఇది ఒక్క పట్నాలవాళ్ళ బాధే కాదు.

ఎత్తు మీదే ఎందుకు మొరాయిస్తుంది?

బండి నెమ్మదిగా పోతున్నప్పుడు, తక్కువ లోడు మీద ఉన్నప్పుడు ఇంజినుకు గాలి మిగులుతుంది. అప్పుడు తూము తెరిచి పొగను కలిపినా ఇబ్బంది లేదు. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు అలా కాదు. పోసిన డీజిలంతా కాలాలంటే మంచి గాలి నిండుగా కావాలి. అందుకని ఆ సమయంలో తూము మూసుకోవాలి, లేదా బాగా తగ్గాలి.

తూము గట్టుకు మసి పట్టి మూత సగంలో ఇరుక్కుపోయిందనుకోండి. మంచి గాలి రావలసిన చోటుకు పొగ వచ్చి చేరుతుంది. డీజిలు సగం సగం కాలుతుంది. నల్లపొగ వస్తుంది, బలం పోతుంది, మైలేజీ పడిపోతుంది. చదునులో బయటపడని జబ్బు ఎత్తు మీద బయటపడటానికి కారణం ఇదే.

మూత మూసుకున్నట్టే ఉండిపోతే లక్షణాలు వేరు. లాగడంలో పెద్ద తేడా తెలియకపోవచ్చు. లోపల వేడి పెరుగుతుంది, ఇంజిను శబ్దం కరుకుగా మారవచ్చు, ఇంజిను లైటు వెలుగుతుంది. కొన్ని బళ్ళలో కంప్యూటరే బలం తగ్గించేస్తుంది.

తూము తేలికపడుతున్న తీరు

ఈ వాల్వులు అన్నీ ఒక్క రకం కావు. మీ బండిలో ఏది ఉందో తెలుసుకుంటే రిపేరు ఖర్చు మీద ఒక అంచనా వస్తుంది.

మొదటిది గాలి గుంజుడు రకం. ఇంజిను తిప్పే వాక్యూమ్ పంపు నుంచి సన్నటి రబ్బరు గొట్టాలు వస్తాయి. మధ్యలో కరెంటుతో పనిచేసే చిన్న వాల్వు, చివర గిన్నెలాంటి డబ్బాలో రబ్బరు పొర. పొర గుంజుకుంటే మూత లేస్తుంది. చెప్పడానికి సులువే గానీ భాగాలు ఎక్కువ. గొట్టం పగిలినా, ఎలుక కొరికినా, పొర చిరిగినా పని ఆగిపోతుంది. ఇక్కడ కొన్నిసార్లు జబ్బు వాల్వులో ఉండదు, చవకైన రబ్బరు గొట్టంలో ఉంటుంది. దాన్ని చూడకుండా వాల్వు మార్పించుకోవద్దు.

రెండోది కరెంటు రకం. పంపు, గొట్టాలు, పొర అక్కర్లేకుండా ఒకే డబ్బాలో చిన్న మోటారు, పళ్ళచక్రాలు, ఒక స్ప్రింగు, మూత ఎంత తెరుచుకుందో కంప్యూటరుకు చెప్పే సెన్సరు అమర్చారు. కరెంటు అందకపోతే స్ప్రింగు మూతను మూసేస్తుంది. కొత్త బళ్ళలో ఎక్కువగా ఇదే రకం.

మూడోది ఒక్క మోటారు, రెండు తలుపుల రకం. పొగ లోపలికి రావాలంటే గాలి దారిని కొంచెం నొక్కాలి. కాలువలో నీరు ఎత్తు తగ్గితేనే పక్క బోదె నీరు వచ్చి కలిసినట్టు, మంచి గాలి ఒత్తిడి తగ్గితేనే పొగ వచ్చి చేరుతుంది. దీనికోసం మంచి గాలికి ఒక తలుపు, పొగకు ఒక తలుపు, రెండింటికీ రెండు మోటార్లు పెట్టేవారు. కొన్ని ఇంజిన్లలో ఈ రెండింటినీ ఒకే మోటారుతో తిప్పేలా చేశారు. మోటారు తిరగడం మొదలుపెడితే ముందు పొగ తలుపు తెరుచుకుంటుంది. ఇంకా తిరిగితే గాలి తలుపు కొంచెం మూసుకుంటుంది. ఒక మోటారు, దాని వైర్లు, దాని సెన్సరు తగ్గినట్టే. చెడిపోయే భాగాలూ తగ్గినట్టే. అయితే చెడిపోతే మొత్తం డబ్బా మార్చవలసి రావడం ఇందులో ఉన్న చిక్కు.

అసలు వాల్వే లేని పద్ధతి కూడా ఉంది. ఇంజిను కవాటాలు తెరుచుకునే వేళను కాస్త మార్చి, పొగలో కొంత సిలిండరులోనే మిగిలేలా చేస్తారు. గొట్టం లేదు, తూము లేదు, శుభ్రం చేసే పని అంతకన్నా లేదు. కానీ వేళకు తగ్గట్టు ఎక్కువ తక్కువలు చేయడం ఇందులో కష్టం.

మీ ట్రాక్టరులో ఉందా?

50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 పొగ నిబంధనలు వచ్చాయి. ఆ తరువాత తయారైన పెద్ద ట్రాక్టర్లు కొన్నింటిలో ఈజీఆర్ ఉంటుంది. సన్నకారు రైతుల దగ్గర ఎక్కువగా ఉండే 50 హార్స్‌పవర్ లోపు పాత ట్రాక్టర్లలో చాలావాటికి ఈ వాల్వే ఉండదు. లేని వాల్వును శుభ్రం చేశామని ఎవరైనా బిల్లు వేస్తే, చూపించమని అడగండి. సరుకు బళ్ళ విషయానికి వస్తే, 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు అమలయ్యాయి. ఈ బళ్ళలో డీజిలువి అయితే ఈజీఆర్ ఉండటం మామూలే.

రేకుముక్క పెట్టవచ్చా?

పెడితే ఆ రోజుకు బండి లాగే మాట నిజమే. పొగ రావడం ఆగి మంచి గాలి నిండుతుంది గనుక లాగుతుంది. అయితే ముందు ముందు వచ్చే చిక్కులు చూడండి. కరెంటు వాల్వున్న బండిలో పొగ రావడం లేదని కంప్యూటరు పసిగట్టి లైటు వెలిగిస్తుంది, బలం తగ్గించవచ్చు. గ్యారంటీ ఉంటే కంపెనీవాళ్ళు కాదనవచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ అమర్చిన తీరును మనకు తోచినట్టు మార్చకూడదు. కాలుష్య ప్రమాణాలు మీరిన బండికి 2019 సవరణ తరువాత 10,000 రూపాయల దాకా జరిమానా పడే వీలుంది. అన్నిటికన్నా ముఖ్యం, మసి ఎందుకు పట్టిందో ఆ కారణం అలాగే ఉండిపోతుంది.

మసికి కారణాలు వెతకండి

పూడిక తీసి, పైనుంచి మట్టి రావడం ఆపకపోతే చెరువు మళ్ళీ పూడుతుంది. వాల్వూ అంతే. ఈ నాలుగూ చూసుకోండి.

* దుమ్ముతో మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్. పొలం దారుల్లో తిరిగే బండికి పుస్తకంలో రాసిన గడువుకన్నా ముందే చూడాలి.
* టర్బో నుంచి ఇంజినుకు వెళ్ళే గొట్టం చీలి గాలి పోవడం.
* ఇంజెక్టర్లు సరిగా చల్లకపోవడం, కల్తీ డీజిలు.
* గడువు దాటిన ఇంజినాయిల్. ఆయిల్ ఆవిరి మసితో కలిస్తే తారులా గట్టిపడుతుంది.

లోడు ఎత్తేదాకా గంటలకొద్దీ ఇంజిను ఆన్‌లో ఉంచే అలవాటు మానండి. ఊళ్ళో చిన్న చిన్న దూరాలే తిరిగే బండిని అప్పుడప్పుడు ఇంజిను బాగా వేడెక్కేలా పెద్ద రోడ్డు మీద నడపడం మంచిది.

శుభ్రం చేయించేటప్పుడు

ముందు స్కానర్ పెట్టించి తప్పు ఎక్కడుందో చూడమనండి. వైరు ఊడినా, ప్లగ్గులో తుప్పు పట్టినా అదే లైటు వెలుగుతుంది. తరువాత ఇంజిను పూర్తిగా చల్లారాలి. పొగ గొట్టం వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది, తొందరపడితే చేయి కాలుతుంది. బ్యాటరీ మైనస్ తీగ తీసి, ఆ తరువాతే పానా పట్టాలి.

వాల్వు విప్పాక మసి ఉన్న లోహపు భాగం మీదే క్లీనరు చల్లి మెత్తటి బ్రష్షుతో రుద్దాలి. మోటారు, ప్లగ్గు వైపు తడి తగలకూడదు. స్క్రూడ్రైవర్‌తో గీకితే మూత కూర్చునే చోటు గాట్లు పడి తరువాత ఎప్పటికీ సరిగా మూయదు. కరెంటు వాల్వు మూతను వేలితో బలవంతంగా తిప్పితే లోపలి పళ్ళచక్రాలు విరగవచ్చు. మసి పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. బిగించేటప్పుడు కొత్త గాస్కెట్ వేయాలి. కొన్ని బళ్ళలో మూత ఎక్కడిదాకా తిరుగుతుందో స్కానరుతో కంప్యూటరుకు మళ్ళీ నేర్పాలి. ఆ పని చేయకపోతే, శుభ్రం చేసినా లైటు పోదు.

ఒక్క హెచ్చరిక. రేడియేటరు నీళ్ళు తరచు తగ్గుతూ, సైలెన్సరు నుంచి తెల్లపొగ వస్తుంటే బండి నడపకండి. వాల్వు పక్కనే పొగను చల్లబరిచే కూలర్ ఉంటుంది. అది కారితే నీళ్ళు ఇంజినులోకే పోవచ్చు. అప్పుడు వాల్వు ఖర్చుతో పోదు, ఇంజినుకే ముప్పు.

శుభ్రం చేసినా మూత కదలకపోతే, మోటారు కాలిపోతే మార్చక తప్పదు. అలా మార్చినప్పుడు పాత వాల్వును అడిగి తీసుకోండి. మూత కదులుతుందో లేదో, మసి ఎంత ఉందో మీ కళ్ళతో చూడండి. పైరుకు తెగులు చూడకుండా మందు కొట్టం కదా! బండికీ అంతే. కోతలు మొదలయ్యేలోపే ఒక పూట తీరిక చేసుకుని ఈ తూము చూపించుకోండి. సరుకు నింపాక ఎత్తు మీద ఆగిపోయే అవస్థ తప్పుతుంది.