మాటను మించిన మ్రోత

ర్యాప్ అను గానపద్ధతి 1973 ప్రాంతమున న్యూయార్కు నగరపు బ్రాంక్సు పేటలో పుట్టినది. అందు రాగముకంటె మాట ప్రధానము. గాయకుడు తాళమునకు సరిగా పదములు వల్లించుచు తన బ్రతుకును చెప్పుకొనును.

ట్రావిస్ స్కాట్ గారి 'ఆస్ట్రోవరల్డ్' అను పదునేడు పాటల సంపుటము 2018 ఆగస్టు 3వ తేదీన వెలువడినది. హూస్టను నగరమున 1968 మొదలు 2005 వఱకు నడచి మూతపడిన వినోదవనము పేరది. గాయకుని స్వస్థలమును ఆ నగరమే. ఇంతకంటె చక్కని కథావస్తువు దొరకునా?

నాదరచన నిజముగా మనోహరము. 'సికో మోడ్' అను పాటలో వరుస మాఱి మాఱి, మూడు పాటలొక్కటిలో నొదిగినట్లుండును. మఱియొక పాటలో స్టీవీ వండర్ గారి హార్మోనికా హృదయమును కరగించును. కాని వనము పోయిన బాలుని వేదన మాటలలో వెదకినను దొరకుట యరుదు. ధనము, మత్తు, విలాసములే తఱచు. ఆటోట్యూన్ అను సాధనముచే సవరింపబడిన యాయన కంఠము వాద్యములలో నొక వాద్యమైనది. అదియే కళ యనువారు కలరు. నగ యెంత మెఱసినను ముఖమున కళ వలదా యని మా ప్రశ్న.

ఇందు పిల్లలు వినదగని పదములు కలవు. అయినను ఎదిగిన బిడ్డలు వినుచున్నచో కసరుకొనుట వ్యర్థము. తల్లులు చెంత కూర్చుండి, "నీకు నచ్చినది మాటయా, మ్రోతయా?" అని యడుగవలెను. ఆ విచక్షణ యలవడిన బిడ్డ ఏ యాడంబరమునకును మోసపోడు.