చూడాల్సింది జతను

లాబ్రడార్ పిల్లను కొనేవాళ్లు తల్లినీ తండ్రినీ చూపించమంటారు. రెండూ నిగనిగలాడుతూ ఎదురొస్తే ఇక బేరం కుదిరినట్టే. పెద్దవాటికి లేని జబ్బు పిల్లలకెలా వస్తుందన్నది ధీమా. అంతర్గత జన్యువులతో వచ్చే జబ్బుల్లో ఈ ధీమాకు ఆధారం లేదు. ఇలాంటి జన్యువు ప్రతి కుక్కలోనూ రెండు ప్రతులుగా ఉంటుంది: ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఒకటి చెడినా రెండోది పని నెట్టుకొస్తుంది. అలాంటి కుక్కను వాహకం అంటారు. దానికి జబ్బు రాదు, ఒళ్లంతా తడిమి చూసినా ఆనవాలు దొరకదు. రెండు వాహకాలు జతకట్టినప్పుడు, రెండు వైపుల నుంచీ చెడిన ప్రతి అందిన పిల్లకు జబ్బు వస్తుంది. కాబట్టి తప్పు ఆడదానిదా మగదానిదా అన్న తగువుకు ఇక్కడ చోటే లేదు. లాబ్రడార్లలో కనిపించే పీఆర్‌ఏ అనే కంటి జబ్బు ఇలాంటిదే. రేచీకటితో మొదలై మెల్లమెల్లగా పూర్తి చూపును మింగేస్తుంది. చాలావాటిలో మూడు నాలుగేళ్లు దాటాకే బయటపడుతుంది. అప్పటికే ఆ కుక్క ఎన్నో ఈతలకు తల్లో తండ్రో అయి ఉండవచ్చు.

‘ఇదే జతకు ఎనిమిది పిల్లలు పుట్టాయి, ఒక్కదానికీ ఏమీ కాలేదు’ అని కొందరు సాక్ష్యం చూపుతారు. రెండు వాహకాల జతలో ప్రతి పిల్లకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. నాలుగు పిల్లల్లో ఒకదానికి వచ్చితీరుతుందనీ, ఒకదానికి వచ్చింది కనుక మిగతా మూడూ గట్టెక్కాయనీ దీనికి అర్థం కాదు. ప్రతి పిల్లకూ పాచిక కొత్తగా పడుతుంది. ఎనిమిది పిల్లల్లో ఒక్కదానికీ రాకపోయే అవకాశం దాదాపు 10 శాతం. ఆ ఒక్క ఈతను చూసి జతకు కితాబివ్వలేం.

జబ్బు కుక్కల్ని ఈతలకు వాడకపోతే చాలదా? లెక్క చాలదంటోంది. జతలు యాదృచ్ఛికంగా కుదిరే జాతిలో నూటికి ఒక కుక్కకు జబ్బుంటే, దాదాపు 18 కుక్కలు వాహకాలుగా ఉంటాయి. జబ్బువాటిని మాత్రమే పక్కనపెడుతూ పోతే చెడిన ప్రతుల సంఖ్య సగానికి తగ్గడానికే పది తరాలు పడుతుంది. అలాగని వాహకాలన్నిటినీ ఒక్క వేటుకు తీసేయడమూ మందు కాదు. బసెంజీ జాతిలో ఆ పనే చేశారు. 1970ల్లో రక్తహీనత తెచ్చే ఒక లోపానికి రక్తపరీక్ష వచ్చాక వాహకాల్ని పెద్దఎత్తున ఈతలకు దూరంపెట్టారు. ఆ జబ్బు తగ్గింది. కానీ అసలే కొద్ది కుక్కల సంతానమైన జాతి ఇంకా ఇరుకైపోయింది, ఫాంకోని అనే మూత్రపిండాల జబ్బు పెద్ద సమస్యై కూర్చుంది. చివరికి 1990లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ జాతి వంశావళి పుస్తకాన్ని తెరిచి, ఆఫ్రికా నుంచి తెచ్చిన కొత్త కుక్కల్ని చేర్చుకోవాల్సి వచ్చింది. మేనరికాల మంచిచెడ్డలు విని పెరిగిన తెలుగువాళ్లకు ఈ ఇరుకు ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు.

వాహకాన్ని ఉంచితే చెడిన జన్యువు ఎప్పటికీ పోదు కదా అనే అభ్యంతరం సబబైనదే. అయితే వాహకాన్ని లోపంలేని కుక్కతో జత చేస్తే ఏ పిల్లకూ జబ్బు రాదు, సగటున సగం పిల్లలకు లోపమే అందదు. పరీక్షించి వాటిలోంచి తర్వాతి తరాన్ని ఎంచుకుంటే, మిగతా మంచి లక్షణాలు పోకుండానే లోపం తగ్గుతూ వస్తుంది. వేరే జాతితో కలిపితే చాలు, పరీక్ష అక్కర్లేదనే మాట మాత్రం నిలవదు: పీఆర్‌ఏకు కారణమయ్యే, 2006లో గుర్తించిన పీఆర్‌సీడీ జన్యులోపం లాబ్రడార్లలోనూ పూడుల్‌లలోనూ ఒకటే, రెండింటి సంకరంలోనూ చూపు పోయే పిల్ల పుట్టవచ్చు. అందుకే తల్లిదండ్రులిద్దరి జన్యుపరీక్ష కాగితాలూ అడగండి. చెంప లోపల పుల్లతో తీసిన కణాలు చాలు ఈ పరీక్షకు. ఒక్కదానికైనా ‘క్లియర్’ అని ఉంటే ఆ ఈతలో ఈ లోపంతో చూపు పోయే పిల్ల ఉండదు. తుంటి కీలు వదులయ్యే జబ్బుకు మాత్రం ఈ లెక్క వర్తించదు. అందులో ఎన్నో జన్యువులకూ తిండికీ బరువుకూ పాత్ర ఉంది, దానికి ఎక్స్‌రేనే చూడాలి.